మధ్యలో మనిషి ఉన్న ఫోను

మేబెర్రీ పట్టణపు షెరీఫ్ ఆండీ టేలర్ ఫోను అందుకుంటే నంబరు చెప్పడు. "సారా" అని పిలుస్తాడు. ఇంటికి కలపమంటాడు, లేదా పెట్రోలు బంకుకు కలపమంటాడు. లైను కలిసేలోపు ఊరి ముచ్చట ఒకటో రెండో దొర్లుతుంది. అమెరికాలో సీబీఎస్ చానల్లో 1960 అక్టోబరు 3న మొదలై 1968 ఏప్రిల్ 1 దాకా 249 భాగాలు నడిచిన 'ది ఆండీ గ్రిఫిత్ షో'లో ఈ టెలిఫోన్ ఆపరేటర్ ముఖం ప్రేక్షకులకు ఎన్నడూ కనిపించదు. అయినా ఆ ధారావాహికను ఇష్టంగా చూసినవాళ్లు ఊరివాళ్ల లెక్కలో ఆమెను కూడా చేరుస్తారు. ముఖమే లేని మనిషికి ఊళ్లో అంత చోటు ఎలా దొరికింది? పాత టీవీలో చిన్న ఊళ్ల మీద, పాత ఫోన్ల మీద ఉన్న మమకారమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఇదే ప్రశ్న వరంగల్‌లో కూర్చుని వేసుకుంటే జవాబు మరికొంత లోతుకు వెళ్తుంది. ఇక్కడ చాలా ఇళ్లకు టీవీ ముందు వచ్చింది, ఫోను తరువాత వచ్చింది. ఫోను అంటే ఏమిటో సొంత అనుభవం కన్నా ముందు తెర మీద చూసి తెలుసుకున్న తరం ఇది. ఆ తరం ఈ రోజు "ఆ ఫోన్ల కాలమే వేరు" అని నిట్టూరిస్తే ఆ నిట్టూర్పులో ఏముందో విప్పి చూడాలి. తమ ఇంట్లో లేని వస్తువు మీద బెంగ ఎలా పుడుతుంది?

ముందు మేబెర్రీ సంగతి. అది ఉత్తర కరోలినా రాష్ట్రంలో ఉన్నట్టు చెప్పుకున్న కల్పిత పట్టణం. ఆండీ పాత్ర వేసిన నటుడు గ్రిఫిత్ పుట్టి పెరిగిన మౌంట్ ఎయిరీ దానికి మూలమని చాలామంది నమ్మకం. ఆ ఊరు ఇప్పటికీ ఏటా మేబెర్రీ పేరుతో ఉత్సవం జరుపుకుంటుంది. వీధి దృశ్యాల చిత్రీకరణ మాత్రం కాలిఫోర్నియాలోని కల్వర్ సిటీలో, సినిమాల కోసం కట్టిన ఉత్తుత్తి వీధుల్లో జరిగింది. ఆండీ బల్ల మీది ఫోను దీపపు సెమ్మెలా నిలువుగా ఉంటుంది. పైన మాట్లాడే మూతి, పక్కన కొక్కేనికి వేలాడే వినికిడి గొట్టం. ఆ నమూనా ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలది. ఆపరేటర్ సాయం లేకుండా దూరపు ఊరికి నేరుగా డయల్ చేసే సదుపాయం అమెరికాలో 1951లోనే మొదలైంది. అంటే 1960లో టీవీ ముందు కూర్చున్న ప్రేక్షకుడికి కూడా ఆండీ ఫోను తాతల నాటి వస్తువే. కథ అరవైలలో జరిగినా అందులోని గాలి ముప్పైలదని గ్రిఫిత్ స్వయంగా చెప్పారు. అలాగని అది పూర్తి కల్పన కూడా కాదు. మెయిన్ రాష్ట్రంలోని బ్రయంట్ పాండ్ అనే చిన్న ఊళ్లో చేత్తో పిడి తిప్పి ఆపరేటర్‌ను పిలిచే ఫోన్లు 1983 దాకా పనిచేశాయి.

కాబట్టి ఆ ధారావాహిక తీసినవాళ్లు పాత ఫోనును తెలిసే ఎంచుకున్నారు. ఆ ఎంపిక ఫలితం అన్నిటికన్నా బాగా కనిపించేది 1963 జనవరి 14న ప్రసారమైన భాగంలో. మాల్కం టకర్ అనే వ్యాపారి కారు ఆదివారం నాడు మేబెర్రీ దగ్గర ఆగిపోతుంది. మర్నాటికల్లా అతను షార్లెట్‌లో ఉండాలి. మెకానిక్ ఆదివారం పని ముట్టడు. పోనీ ఫోను చేద్దామంటే లైను ఖాళీ లేదు. మెండెల్‌బ్రైట్ అక్కచెల్లెళ్లు ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. వాళ్లు ముసలివాళ్లు, ఒకరింటికి ఒకరు వెళ్లలేరు. అందుకని ఆదివారం మధ్యాహ్నం లైనును ఊరు వాళ్లకు వదిలేసింది. ఇంతకీ వాళ్లు మాట్లాడుకునేది ఏమిటంటే, కాళ్లు తిమ్మిరెక్కే సంగతి. టకర్ రిసీవర్ లాక్కుని అరుస్తాడు. ఊరు అతని మీద కోపం తెచ్చుకోదు, అలాగని లైనూ ఇవ్వదు. సాయంత్రానికి ఆండీ వరండాలో గిటార్ పట్టుకుని పాత ప్రార్థనా గీతం ఒకటి పాడతాడు. టకర్ మెల్లగా గొంతు కలుపుతాడు. కారు బాగయ్యాక అతనే ఏదో సాకు వెతుక్కుని ఆ రాత్రికి అక్కడే ఉండిపోతాడు.

ఈ కథలో ఫోను చేసే పని ఏమిటో గమనించాలి. ఒకే తీగ, దాన్ని పంచుకునే అనేక ఇళ్లు. ఆ తీగ మీద ఎవరి హక్కు ఎంత, ఎవరి అవసరం పెద్దది అని ఊరు తేల్చుకోవలసి వస్తుంది. వ్యాపారి లక్షల బేరం కన్నా ఇద్దరు ముసలమ్మల తిమ్మిరి కాళ్లు ముఖ్యమని ఊరు తేల్చింది. ఆ తీర్పులోని దయ కోసమే ప్రేక్షకులు ఆ భాగాన్ని ఇన్నేళ్లుగా తలచుకుంటున్నారు. ఆ దయకు అసలు కారణం కొరత. లైన్లు పుష్కలంగా ఉంటే టకర్ తన మానాన తాను ఫోను చేసుకునేవాడు, అక్కచెల్లెళ్ల ఉనికే అతనికి తెలిసేది కాదు, కథే ఉండేది కాదు. అదే కొరతను ఇంకోలా చూపిన ధారావాహిక 1965లో మొదలైన 'గ్రీన్ ఏకర్స్'. న్యూయార్క్ వదిలి పల్లెలో వ్యవసాయానికి దిగిన వకీలుకు ఇంటి దాకా తీగ చాలలేదు, ఫోనును స్తంభం మీదే బిగించి వెళ్లిపోయారు. ఎప్పుడు ఫోను మోగినా ఆయన స్తంభం ఎక్కి మాట్లాడాలి. చూసేవాళ్లు నవ్వుకున్నారు. ఇక్కడి పల్లెల్లో లైన్‌మ్యాన్ కోసం నెలల తరబడి ఎదురుచూసినవాళ్లకు మాత్రం అది పెద్ద అతిశయోక్తిలా అనిపించదు.

టీవీకి, పాత ఫోనుకు మధ్య ఇంకో బంధం ఉంది. అది వృత్తికి సంబంధించినది. ఫోను సన్నివేశానికి ఒక నటుడు చాలు. అవతలి మనిషి కనిపించనక్కర్లేదు, సెట్టు వేయనక్కర్లేదు. తెలుగు ధారావాహికల్లో దీనికి ఒక స్థిరమైన బాణీ ఏర్పడింది. "ఏమిటీ? నాన్నగారు పడిపోయారా? ఏ ఆసుపత్రిలో చేర్చారు? రెండో అంతస్తా? వెంటనే వస్తున్నాను." అవతలివాళ్లు చెప్పిన ప్రతి ముక్కనూ ప్రేక్షకుల కోసం తిరిగి పలకడం. నిజ జీవితంలో ఎవరూ అలా మాట్లాడరు. అయినా అందరూ ఒప్పుకున్నారు, ఎందుకంటే ఆ మాటల వెనక ఇంకో ఊరు, ఇంకో ఇల్లు ఊహలో కట్టుకోవచ్చు. సారా ముఖం చూపకపోవడం ఈ కిటుకుకు పరాకాష్ఠ. ఖర్చు లేకుండా మేబెర్రీకి ఒక కేంద్రం దొరికింది.

పైగా హాలులో ఉండే ఫోను ఇంటికి ఒక రంగస్థలం. అది మోగితే వంటింట్లో ఉన్నవాళ్లు, మేడ మీదివాళ్లు అందరూ వింటారు. ఎవరు ముందు అందుకుంటారన్నదే నాటకం. కోడలి కోసం వచ్చిన ఫోను అత్త ఎత్తితే ఒక కథ, కొడుకు ఎత్తితే ఇంకో కథ. సెల్‌ఫోను వచ్చాక ఈ రంగస్థలం కూలిపోయింది. ఎవరి ఫోను వాళ్ల జేబులో ఉంటే అపార్థాలకు తావెక్కడ? అందుకే ఇప్పటి డైలీ సీరియళ్లలో కీలకమైన రోజున ఛార్జింగ్ అయిపోతుంది, సిగ్నల్ అందదు, లేకపోతే ఫోను బల్ల మీద మరిచిపోయి వెళ్లినప్పుడు వేరొకరు చూస్తారు. ల్యాండ్‌లైను సహజంగా ఇచ్చినదాన్ని రచయితలు ఇప్పుడు ఇలా బలవంతంగా తెచ్చుకుంటున్నారు.

డయల్ సంగతి కూడా చెప్పుకోవాలి, అది చూడముచ్చటైన యంత్రం. రంధ్రంలో వేలు పెట్టి అడ్డుకమ్మీ దాకా లాగి వదిలితే, లోపలి స్ప్రింగు చక్రాన్ని వెనక్కి తెస్తుంది. అలా వెనక్కి వచ్చేటప్పుడే తీగలోని విద్యుత్ ప్రవాహం తెగుతూ కలుస్తూ ఉంటుంది. ఒకటికి ఒక తెగింపు, తొమ్మిదికి తొమ్మిది, సున్నాకు పది. వేగం సెకనుకు సుమారు పది. మనిషి ఎంత తొందరపడినా లోపలి నియంత్రకం చక్రాన్ని తన వేగంతోనే తిరగనిస్తుంది. వరంగల్ ఎస్టీడీ కోడ్ 0870నే లెక్క వేస్తే మొత్తం 35 తెగింపులు; చక్రం వెనక్కి తిరగడానికే మూడున్నర సెకన్లు పడుతుంది, వేలితో లాగే సమయం దీనికి అదనం. ఆ తరువాత అసలు నంబరు. ఈ వ్యవధి కెమెరాకు వరం. ప్రతి అంకెకూ చక్రం కిర్రుమని వెనక్కి వస్తుంటే కెమెరా నటుడి ముఖం మీద నిలబడుతుంది. చేయాలా వద్దా అనే ఊగిసలాట, చివరి అంకె దగ్గర ఆగిపోయే వేలు, గభాలున పెట్టేసిన రిసీవర్. తెర మీద ఒక పేరును తాకితే పూర్తయ్యే ఈ కాలపు ఫోనులో నటుడికి ఆ వ్యవధి దొరకదు. చాలా ఇళ్లలో డయల్ రంధ్రానికి చిన్న తాళం వేసేవారు. రిసీవర్ ఆనే మీటను లెక్కగా, తగిన వేగంతో తడితే తాళం ఉన్నా నంబరు కలుస్తుందని ఆ ఇళ్లలోని పిల్లలు కనిపెట్టారు. తెగింపుల సూత్రం వాళ్లకు ఎవరూ చెప్పలేదు, చేతివేళ్లే నేర్చుకున్నాయి.

ఈ డయల్ పుట్టుక వెనక ఒక కథ చెబుతారు. అమెరికాలోని కాన్సస్ సిటీలో అంత్యక్రియల వ్యాపారం చేసే ఆల్మన్ స్ట్రౌజర్‌కు తన పోటీదారు బంధువే ఊరి టెలిఫోన్ ఆపరేటర్ అని, తనకు రావలసిన కాల్స్ అటు మళ్లిస్తోందని అనుమానం వచ్చిందట. కథలో ఎంత నిజమున్నా, ఆపరేటర్ అవసరం లేకుండా లైన్లు కలిపే ఎక్స్ఛేంజికి 1891లో ఆయనకు పేటెంట్ వచ్చిన మాట వాస్తవం. ఆ పద్ధతి ఎక్స్ఛేంజీలే తరువాత దశాబ్దాల పాటు మన దేశంలోనూ టకటకలాడాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. సారాను నమ్మలేనివాడు డయల్‌కు దారి వేశాడు. డయల్ గెలిచి అందరి ఇళ్లకూ వచ్చేశాక, టీవీ మళ్లీ సారాను వెతుక్కుంటూ వెళ్లింది. మనం పోగొట్టుకున్నామని బాధపడుతున్న ఆ మధ్య మనిషిని తొలగించాలనే కోరికతోనే టెలిఫోన్ చరిత్ర ఇంతదూరం నడిచింది.

ఇక మన దగ్గరికి వస్తే, చిన్న ఊరి మీద బెంగను టీవీలో పండించిన ధారావాహిక ఏదంటే మొదట గుర్తుకొచ్చేది 'మాల్గుడి డేస్'. ఆర్.కె. నారాయణ్ కథలను శంకర్ నాగ్ దర్శకత్వంలో కర్ణాటకలోని ఆగుంబెలో చిత్రీకరించారు. ఎనభైల రెండో సగంలో దూరదర్శన్‌లో వచ్చింది. అందులో ఊరికి ప్రాణం పోసేవి రైలు స్టేషను, బడి, అంగడి, ఇంటింటికీ తిరిగే టపా మనిషి. వాటిలో తానప్ప అనే పోస్ట్‌మ్యాన్ కథ ఈ చర్చకు నేరుగా పనికొస్తుంది. తానప్పకు వీధిలో ప్రతి ఇంటి ఉత్తరం సంగతీ తెలుసు. ఒక ఇంటి అమ్మాయి పెళ్లి కుదరడంలో తనూ ఒక చెయ్యి వేశాడు. సరిగ్గా పెళ్లి ముందు ఆ ఇంటికి అశుభవార్త వస్తుంది. అది అందితే పెళ్లి ఆగిపోతుంది, మళ్లీ ఆ సంబంధం నిలుస్తుందో లేదో. తానప్ప ఆ ఉత్తరాన్ని తన దగ్గరే ఉంచేసుకుంటాడు. పెళ్లయ్యాక తెచ్చి ఇచ్చి, తప్పు చేశాను, కావాలంటే పైవాళ్లకు చెప్పండి అంటాడు. ఆ ఇంటి పెద్ద చెప్పడు.

ఇదీ మధ్య మనిషి శక్తి. కబురు అతని చేతుల మీదుగా పోతుంది కాబట్టి దాని బరువు అతనికి తెలుసు. తెలిసినవాడు కాబట్టి తూకం వేస్తాడు. సారా కూడా చేసేది అదే, తానప్పలా నిబంధన దాటకపోయినా. కబురును మోసేవాడికి కబురుతో సంబంధం లేకపోవడం నేటి పద్ధతి. సర్వర్‌కు మన పెళ్లిళ్లు తెలియవు, చావులు తెలియవు. ఆ తెలియకపోవడం మంచిదే, అది మన హక్కు కూడా. కానీ పాత ధారావాహికలు చూస్తూ కళ్లు చెమర్చేవాళ్లకు గుర్తొచ్చేది ఆ తెలిసిన మనిషే.

అదే కాలంలో ఓరుగల్లులో, కరీంనగర్‌లో, వాటి చుట్టుపక్కల ఊళ్లలో పరిస్థితి ఏమిటి? 1984లో కొన్ని నెలల పాటు దూరదర్శన్ రోజుకొకటి చొప్పున ట్రాన్స్‌మిటర్లు పెడుతూ పోయింది. ఇళ్ల కప్పుల మీద యాంటెనాలు మొలిచాయి. 1987 జనవరిలో ఆదివారం రామాయణం మొదలయ్యేనాటికి టీవీ ఉన్న ఇంటి ముందుగది వీధి మొత్తానిదీ అయింది. ఫోను మాత్రం ఇంకా పెద్దవాళ్ల వస్తువే. 1991లో దేశంలో ఉన్న టెలిఫోన్ లైన్లు సుమారు 50 లక్షలు, జనాభా 84 కోట్లు. అంటే నూట అరవై మందికి పైగా కలిపి ఒక్క ఫోను, అదీ ఎక్కువ పాళ్లు మహానగరాల్లో. వరంగల్ లాంటి చోట డాక్టరు, వకీలు, మిల్లు యజమాని, మార్కెట్‌లో మిర్చి, పత్తి ధరలు తెలుసుకోవలసిన అడ్తిదారు, ఇలాంటివాళ్ల దగ్గర ఉండేది. మిగతావాళ్లకు పోస్టాఫీసే గతి. అక్కడ దూరపు ఊరికి ఆపరేటర్ కలిపే ట్రంకాల్ బుక్ చేసి బెంచీ మీద కూర్చోవాలి. మామూలు కాల్, అర్జెంట్ కాల్, అన్నిటికన్నా ఖరీదైన లైట్నింగ్ కాల్. మూడు నిమిషాలు కాగానే ఆపరేటర్ గొంతు మధ్యలోకి వస్తుంది, పొడిగించమంటారా అని.

ఆ తరువాతి మార్పుకు పునాది 1984లో ఏర్పడిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీడాట్. దుమ్ముకు, ఎండకు తట్టుకుని ఏసీ గది లేకుండా నడిచే 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజిని అది తయారుచేసింది. మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. అలాంటివి వేల ఊళ్లకు చేరాక పసుపు పచ్చ బోర్డు మీద నల్లని అక్షరాలతో ఎస్టీడీ బూత్ వెలసింది. సొంత ఫోను లేకపోయినా ఫోను చేయగలగడం ఇక్కడి సామాన్యులకు దానితోనే మొదలైంది.

ఉత్తర తెలంగాణకు ఇందులో ఒక ప్రత్యేకత ఉంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లినవాళ్లు లెక్కకు మించి ఉన్నారు. సిరిసిల్ల నేతపనివాళ్లు భీవండి, ముంబై దారి పట్టారు. కాబట్టి ఇక్కడ ఫోను ముచ్చట్ల కోసం కన్నా ముందు ఎడబాటు కోసం వచ్చింది. పరాయి దేశంలో ఉన్నవాడికి ఇంటి నంబరు ఉండదు. పక్కింటివాళ్లదో, కిరాణా దుకాణందో నంబరు ఉంటుంది. దాన్ని పీపీ నంబరు అనేవారు. ట్రంకాల్ రోజుల్లో ఫలానా మనిషినే లైనులోకి పిలిపించమని అడిగే కాల్‌ను పీపీ కాల్ అనేవారు. ఆ రెండక్షరాలే తరువాత విజిటింగ్ కార్డుల మీదికి, పెళ్లిపత్రికల మీదికి ఎక్కాయి. ఒక నంబరు పక్కన పీపీ అని ఉందంటే, ఈ మనిషి కావాలంటే మధ్యలో ఇంకో మనిషిని బతిమాలుకోవాలి అని అర్థం.

అప్పట్లో గల్ఫ్‌లో సెలవు శుక్రవారం. మేబెర్రీ అక్కచెల్లెళ్ల ఆదివారం లాంటిదే ఇక్కడి శుక్రవారం. ఆ రోజు ఫోనున్న ఇంటికి వరసగా కాల్స్ వచ్చేవి. మొదటి కాల్ అర నిమిషం: "పది నిమిషాలాగి చేస్తాను, మావాళ్లను పిలవండి." ఆ ఇంటి పిల్లవాడు వీధి చివరిదాకా పరుగెత్తేవాడు. "అక్కా, దుబాయి నుంచి ఫోను!" ఆ కేక విని వీధిలో నాలుగిళ్ల తలుపులు తెరుచుకునేవి. చేతిలో పని అక్కడే వదిలి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ, పిల్లను చంకనేసుకుని ఆమె వచ్చేది. వెనకే అత్త, మరిది. ఫోను పక్కన అందరూ నిలబడి ఉండగా భర్తతో మాట. లైను బలహీనం, గట్టిగా అరవాలి. పైసలు అందాయా, అప్పు ఎంత కట్టారు, పిల్లకు జ్వరం తగ్గిందా. నాలుగు నిమిషాల్లో అవి మాత్రమే అయ్యేవి. ఆమె అసలు చెప్పాలనుకున్నది అక్కడ చెప్పేది కాదు.

బెంగ మీద నిజాయితీగా మాట్లాడాలంటే ఇక్కడ ఆగాలి. ఆ దృశ్యంలో ఫోనున్న ఇంటివాళ్లకు దొరికిన జ్ఞాపకం వేరు, గడప దగ్గర నిలబడినవాళ్లకు దొరికిన జ్ఞాపకం వేరు. వీధి అంతా ఒకే కుటుంబంలా ఉండేదని మొదటివాళ్లు చెబుతారు, అందులో అబద్ధం లేదు. పిల్లవాణ్ణి పరుగెత్తించడం, రాత్రి పదింటికి కూడా విసుక్కోకుండా పిలవడం, దుఃఖవార్త వస్తే ఆమె చేతికి రిసీవర్ ఇచ్చే ముందు మంచినీళ్లు తెచ్చి పెట్టడం, ఇవన్నీ డబ్బు తీసుకోకుండా చేసిన సేవలు. కానీ ఊళ్లో మొదటి ఫోను పెద్ద కులం ఇంట్లోనో, దొర ఇంట్లోనో ఉన్నప్పుడు, కబురు అందుకోవడానికి అరుగు దాకా మాత్రమే రానిచ్చిన మనుషులు కూడా ఉన్నారు. వాళ్లకు ఆ ఫోను గంట అవమానాన్ని గుర్తుచేస్తుంది. ఎవరికి ఎక్కడి నుంచి ఫోను వస్తోందో ఊరందరికీ తెలియడం కొందరికి భద్రత, ప్రేమించుకున్నవాళ్లకు, పుట్టింటికి కష్టం చెప్పుకోవాలనుకున్న కోడలికి కాపలా.

మేబెర్రీలోనూ అంతే. ధారావాహిక మొదలైన 1960లోనే, అదే ఉత్తర కరోలినాలోని గ్రీన్స్‌బరోలో ఫిబ్రవరి 1న నలుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవాళ్లకే పరిమితమైన భోజన బల్ల దగ్గర కూర్చుని ఉద్యమాన్ని రగిలించారు. ఎనిమిదేళ్ల మేబెర్రీలో చెప్పుకోదగ్గ మాటలున్న నల్లజాతి పాత్ర ఒక్కటే, అదీ 1967లో. చివరి భాగం 1968 ఏప్రిల్ 1న ప్రసారమైతే మూడు రోజులకు మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది. ఆ చివరి ఏడాది అమెరికాలో అందరికన్నా ఎక్కువమంది చూసిన ధారావాహిక ఇదే. దేశం రగులుతుంటే జనం సారా ఉన్న ఊళ్లో తలదాచుకున్నారు. ఎనభైలలో మాల్గుడి చూసిన వరంగల్, కరీంనగర్ ఇళ్ల బయట కూడా నక్సలైట్ ఉద్యమం, పోలీసు గాలింపులు, ఎదురుకాల్పుల వార్తలు ఉండేవి. తెర మీది ప్రశాంతమైన ఊరు అంత తియ్యగా ఉండటానికి కిటికీ బయటి ఊరు కూడా ఒక కారణం.

అయితే ఆ మమకారాన్ని కొట్టిపారేయడం అన్యాయం. మాట భాషలోనే అది ఎంత గట్టిగా పాతుకుందో చూడవచ్చు. ఎత్తడానికి రిసీవర్ లేకపోయినా ఫోను ఎత్తలేదంటాం, తెలంగాణలో లేపలేదంటాం. పెట్టడానికి చోటు లేకపోయినా ఫోను పెట్టేశాడంటాం. వస్తువు పోయినా చేతికి ఉన్న అలవాటు మాటలో నిలిచిపోయింది. అందుకే పాత ధారావాహిక ముక్కలు యూట్యూబ్‌లో వెతుక్కుని చూసేవాళ్లను వెనకబడినవాళ్లని అనడం తప్పు. వాళ్లు వెతుకుతున్నది తమ కబురు విని ఒక్క క్షణం ఆగిన మనిషిని.

2003లో సెల్‌ఫోన్లకు ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక పీపీ నంబర్లు చకచకా మాయమయ్యాయి. ఇవాళ జగిత్యాల పక్క పల్లెలో ఆమె తలుపు వేసుకుని భర్త ముఖం చూస్తూ మాట్లాడుతుంది. శుక్రవారం దాకా ఆగనక్కర్లేదు, ఎవరూ వినరు. ఈ ఒక్క మార్పు కోసం ఎన్ని సారాలనైనా వదులుకోవచ్చని ఆమె అంటే, పాత ఫోను మీద ఎంత మమకారం ఉన్నవాళ్లయినా ఒప్పుకోవలసిందే.

కానీ ఆ సారాకు జరగవలసిన న్యాయం ఒకటి మిగిలే ఉంది. టకర్ కారు ఆగిపోయిన ఆ ఆదివారం మేబెర్రీలో మెకానిక్‌కు సెలవు, దుకాణాలకు సెలవు. అక్కచెల్లెళ్ల మాటలు కలిపి ఉంచడానికి స్విచ్‌బోర్డు ముందు మాత్రం ఎవరో ఒకరు కూర్చుని ఉండాలి. కథ అటు చూడదు. ఆమె జీతం ఎంత, ఆమె ఆదివారం ఎప్పుడు అని 249 భాగాల్లో ఎవరూ అడగలేదు. ముఖం చూపకపోవడం మొదట కిటుకులా కనిపిస్తుంది, ఇంకొంచెం ఆలోచిస్తే మరుపులా కనిపిస్తుంది. మన టీవీ కూడా బూత్ యజమానిని కథానాయకుణ్ణి చేసిన దాఖలా కనపడదు. ఆ బూత్‌లు కేటాయించడంలో దివ్యాంగులకు ప్రాధాన్యం ఉండేది. వాటి మీద ఎన్నో కుటుంబాలు నిలబడ్డాయి. రాత్రి పొద్దుపోయాక పావు వంతు ఛార్జీ కాబట్టి, కాజీపేటలో అప్పటి ఆర్ఈసీ (ఇప్పటి ఎన్ఐటీ) విద్యార్థులు, హన్మకొండ చౌరస్తాలో అద్దె గదుల కుర్రాళ్లు ఆ వేళకే బూత్‌ల ముందు బారులు తీరేవాళ్లు. యజమాని అంతదాకా కుర్చీలో కూర్చోవాలి. అద్దాల గదిలో మనిషి, బయట గోడ మీద ఎర్రటి అంకెలు, సెకన్లు పెరుగుతుంటాయి. జేబులో ఉన్నది ఇరవై రూపాయలేనని ముందే చెప్పిన కుర్రాడి కోసం, అంకె పద్దెనిమిది దాటగానే ఆయన అద్దం మీద వేలితో రెండుసార్లు తట్టేవాడు. బిల్లు చీటీ కిర్రుమంటూ బయటికి వచ్చేది. చివరి మనిషి వెళ్లాక రోజు లెక్క పుస్తకంలో రాసుకుని, షట్టరు సగం దించి, ఎక్కడైనా గంట మోగుతుందేమోనని ఒక్క నిమిషం చెవి ఒగ్గి, అప్పుడు తాళం వేసేవాడు.